కుర్చీ దిగిన రోజు: ఆఫ్రికన్ యూనియన్‌కు ఒక లెక్కల టీచర్ బహిరంగ లేఖ

ఆఫ్రికన్ యూనియన్ కమిషన్ అధ్యక్షులు మహమూద్ అలీ యూసుఫ్ గారికి, అడిస్ అబాబాలో సమావేశమయ్యే 55 సభ్యదేశాల అధినేతలకు,

నమస్కారం.

నేను కాకినాడలో ఉంటున్న రిటైర్డ్ లెక్కల టీచర్ని. 1984 నుంచి 1993 దాకా జాంబియాలో, రాగి గనులుండే కాపర్‌బెల్ట్ ప్రాంతంలోని ఒక సెకండరీ స్కూల్లో పాఠాలు చెప్పాను. ఆ రోజుల్లో మా వైపు నుంచి చాలామంది టీచర్లు కాంట్రాక్టు మీద ఆఫ్రికా దేశాలకు వెళ్ళేవాళ్ళు. నేనూ మావారూ అలాగే వెళ్ళాం. మా అబ్బాయి అక్కడి కిట్వే పట్టణంలో పుట్టాడు. తొమ్మిదేళ్ళు మీ ఉప్పు తిన్నదాన్ని కాబట్టి, కుర్చీ దిగని నాయకుల గురించి మీతో ఒక మాట చెప్పుకునే చనువు ఉందనుకుంటున్నాను. తెలుగులో ఎందుకంటే, మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు ఈ భాషలోనే వచ్చు. మీ దేశాల్లో ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకుంటున్న తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళు చదివి మీ వాళ్ళకు చెప్పినా చాలు.

నా కళ్ళారా చూసిన సంగతితోనే మొదలుపెడతాను.

1991 అక్టోబర్ 31, గురువారం. జాంబియాలో పోలింగ్. అంతకు పద్దెనిమిదేళ్ళ ముందు నుంచీ దేశంలో ఒకటే పార్టీ. 1964లో స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచీ ఒకరే అధ్యక్షుడు, కెన్నెత్ కౌండా. ఆయనకు ఎదురు నిలబడింది కార్మిక సంఘం నాయకుడు ఫ్రెడరిక్ చిలూబా. 1981లో కౌండా ప్రభుత్వమే విచారణ లేకుండా జైల్లో పెట్టిన మనిషి. ఓడిపోతే ముసలాయన ఊరుకుంటాడా, సైన్యాన్ని దింపుతాడా అని మా స్టాఫ్ రూంలో అందరికీ ఒకటే టెన్షన్. భారతీయ కుటుంబాలు మీలీ మీల్ బస్తాలు, నూనె డబ్బాలు కొని లోపల పెట్టుకున్నాయి. మీలీ మీల్ అంటే మొక్కజొన్న పిండి, దాంతోనే అక్కడ రోజూ తినే న్షిమా వండుతారు. మేము కూడా సూట్‌కేసులు సర్ది మంచం కింద పెట్టుకున్నాం.

ఓట్లు లెక్కపెట్టారు. నాలుగింట మూడు వంతుల ఓట్లు చిలూబాకు పడ్డాయి. కౌండా టీవీలోకి వచ్చి ఓటమి ఒప్పుకున్నారు. గెలిచినవాడికి శుభాకాంక్షలు చెప్పారు. నవంబర్ 2న చిలూబా ప్రమాణం చేశారు. ఇరవై ఏడేళ్ళ పాలన ముగియడానికి పట్టింది రెండు రోజులు. సోమవారం మేము స్కూలు తెరిచాం. పదకొండో తరగతికి త్రికోణమితి చెప్పాను. పిల్లలందరూ వచ్చారు, ఒక్క సీటూ ఖాళీ లేదు.

కౌండా గారిని దేవుణ్ణి చేయాలని నాకు లేదు. మానవతావాదమే జాంబియా సిద్ధాంతమని 1967లో ప్రకటించింది ఆయనే. మనిషే అన్నిటికీ కేంద్రం, పరిపాలన మనిషి కోసమే, ఒకరి శ్రమను ఇంకొకరు దోచుకోకూడదు అని అందులో ఉంటుంది. అదే పెద్దమనిషి తనతో కలిసి పెరిగిన చిన్ననాటి స్నేహితుడు సైమన్ కప్వెప్వే వేరే పార్టీ పెడితే దాన్ని నిషేధించి, 1972లో ఆయన్ను నిర్బంధించాడు. ఆ తర్వాత వేరే పార్టీ ఏదీ ఉండకూడదని చట్టమే చేశాడు. ఆయన పాలించినంత కాలమూ దేశం ఎమర్జెన్సీ కిందే ఉంది. 1986 డిసెంబర్‌లో మీలీ మీల్ సబ్సిడీ తీసేసి ధర రెట్టింపు పైన పెంచితే మా కాపర్‌బెల్ట్‌లో అల్లర్లు జరిగాయి, మనుషులు చనిపోయారు. ఆ వారం రోజులు కిటికీ తలుపు తీయడానికి కూడా భయపడ్డాం. మానవతావాదం అన్న మాట గోడల మీద ఉండేది, పిండి కోసం జనం తెల్లవారుజామున లైన్లో ఉండేవాళ్ళు.

అందుకే, నాయకుడు ఏ సిద్ధాంతం రాశాడో చూసి నేను ఎవరికీ మార్కులు వేయను. కౌండాకు నా లెక్కలో మార్కులు పడింది రెండు చోట్ల. ఒకటి ఓడిన రాత్రి. రెండోది అంతకంటే ముందు జరిగింది, బయటివాళ్ళకు అంతగా తెలియదు.

1986 చివర ఆయన కొడుకు ఒకరు చనిపోయారు. 1987 అక్టోబర్‌లో కౌండా విలేకరులను పిలిచి, నా కొడుకు ఎయిడ్స్‌తో చనిపోయాడు అని చెప్పారు. ఆ కాలం ఎలాంటిదో ఇప్పటివాళ్ళకు ఊహకు అందదు. మా స్కూల్లో టీచర్లు చిక్కిపోయి సెలవు పెట్టేవాళ్ళు, మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు. టీబీ అనో, మలేరియా అనో చెప్పేవాళ్ళు. అంత్యక్రియలకు వెళ్ళినవాళ్ళు కూడా జబ్బు పేరు ఎత్తేవాళ్ళు కాదు. ఒక దేశాధ్యక్షుడు తన ఇంటి దుఃఖాన్ని బయటపెట్టాక, మొదటిసారి మా స్టాఫ్ రూంలో ఆ పేరు ఒకరి నోటి నుంచి వచ్చింది. మా హోమ్ సైన్స్ టీచర్ తన చెల్లెలి గురించి చెప్పి ఏడ్చింది. పక్కనున్న ఆమె వెళ్ళి చెయ్యి పట్టుకుంది. ఒక నాయకుడు నేనూ మీలాంటి తండ్రినే అని చెబితే ఏమవుతుందో ఆ రోజు చూశాను. పరువు పోతుందని ఆయన దాచిపెట్టి ఉంటే అడిగేవాళ్ళు లేరు.

ఉబుంటు అంటారు మీరు. ఉముంటు న్గుముంటు న్గబంటు, మనుషుల వల్లే మనిషి మనిషవుతాడు అని. స్వాహిలీలో ఉటు అంటారు. దక్షిణాఫ్రికా 1993 మధ్యంతర రాజ్యాంగం చివర, పగ వద్దు, ఉబుంటు కావాలి అనే అర్థం వచ్చేలా ఆ మాటను రాసుకున్నారు. ఆ మాట పట్టుకుని 1995లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం మరణశిక్షే చెల్లదని తీర్పు చెప్పింది. నైతికత పడమటి నుంచి వచ్చిన సరుకు, మా మీద రుద్దకండి అని మీలో కొందరు అంటుంటారు. నాకు అది మింగుడుపడదు. మీ అవ్వలు, తాతలు చెప్పుకున్న మాటకు చట్టంలో చోటిచ్చింది మీరే కదా.

ఇక అసలు విషయం.

2007 జనవరి 30న మీరే అడిస్ అబాబాలో ఒక ఒప్పందం ఆమోదించారు. ప్రజాస్వామ్యం, ఎన్నికలు, పాలనకు సంబంధించిన ఆఫ్రికన్ చార్టర్. 2012 ఫిబ్రవరి 15 నుంచి అది అమల్లో ఉంది. అందులో 23వ అధికరణం ఉంది. అధికారం పట్టుకోవడానికీ, పట్టుకుని వేలాడడానికీ ఏవేవి అక్రమ మార్గాలో అందులో చెప్పారు. సైనిక కుట్ర ఒకటి. కిరాయి సైనికుల దాడి, సాయుధ తిరుగుబాటు ఉన్నాయి. ఓడిపోయాక గద్దె దిగకపోవడం ఇంకొకటి. ఐదోది, అధికార మార్పిడి సూత్రాలకు గండి కొట్టేలా రాజ్యాంగాన్ని సవరించుకోవడం. ఈ ఐదోదాన్ని రాసినవాళ్ళెవరో గానీ వాళ్ళకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి. తుపాకీ పట్టుకున్న దొంగనే కాదు, కలం పట్టుకున్న దొంగను కూడా వాళ్ళు గుర్తుపట్టారు.

మరి ఆ ఐదోదాన్ని ఎన్నిసార్లు వాడారు? సైనికులు వచ్చినప్పుడు మాలీని, గినీని, సూడాన్‌ని, బుర్కినా ఫాసోని, నైజర్‌ని, గాబన్‌ని యూనియన్ నుంచి సస్పెండ్ చేశారు. మంచిదే. కానీ అధ్యక్షులు కూర్చునే చోటు నుంచి లేవకుండా రాజ్యాంగాన్ని తిరగరాసుకుంటే, దాని కోసం ఒక్క దేశాన్నీ సస్పెండ్ చేయలేదు.

గినీ సంగతి చూడండి. ఆల్ఫా కొండే జీవితమంతా ప్రతిపక్షంలో గడిపిన మనిషి. ప్రొఫెసర్. ఒక నియంత ఆయనకు పరోక్షంలో మరణశిక్ష వేయించాడు, ఇంకొకాయన జైల్లో పెట్టాడు. 2010లో గెలిచినప్పుడు నేను కాకినాడలో రేడియోలో విని సంతోషించాను, మా స్టాఫ్ రూం గుర్తొచ్చింది. అలాంటి ఆయన 2020 మార్చిలో కొత్త రాజ్యాంగానికి రిఫరెండం పెట్టి, అప్పటిదాకా ఏలిన పదవీకాలాల లెక్క చెరిపేసి, మూడోసారి పోటీ చేశాడు. నిరసన తెలిపినవాళ్ళు కాల్పుల్లో చనిపోయారు. మీరు ఊరుకున్నారు. 2021 సెప్టెంబర్ 5న సైనికులు ఆయన్ను పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టి ఫొటో తీశారు. కొనాక్రీ వీధుల్లో జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు మీరు గినీని సస్పెండ్ చేశారు. మొదటి తప్పు దగ్గర నోరు విప్పి ఉంటే రెండోది జరిగేది కాదేమో. గాబన్‌లోనూ అంతే, తండ్రీ కొడుకులు కలిసి 1967 నుంచి 2023 దాకా ఏలాక, సైనికుడు వచ్చాడని లిబ్రవిల్‌లో జనం డాన్సులు చేశారు. నాకు కుట్రలంటే భయం. కానీ ఆ డాన్సులు చేసినవాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. వాళ్ళకు ఇంకో తలుపు మిగిల్చారా? పైగా కుట్ర చేసినవాడు తర్వాతి ఎన్నికల్లో పోటీ చేయకూడదని మీ చార్టర్ 25వ అధికరణంలోనే ఉంది. గాబన్‌లో కుట్ర చేసిన జనరలే 2025 ఏప్రిల్‌లో పోటీ చేసి గెలిచారు. అదే నెలలో మీరు సస్పెన్షన్ ఎత్తేశారు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలని మా ఊళ్ళో రైతులు అంటారు.

కామెరూన్‌లో పాల్ బియా 1982 నుంచి ఉన్నారు. 2008లో పదవీకాల పరిమితి తీసేశారు. ఉగాండాలో యొవేరి ముసెవేని 1986లో వచ్చిన కొత్తలో, ఆఫ్రికా కష్టాలకు కారణం పదవి వదలని నాయకులే అన్నారు. ఆయన హయాంలోనే 2005లో పదవీకాల పరిమితీ, 2017లో వయసు పరిమితీ పోయాయి. టోగోలో 1967 నుంచి ఒకటే కుటుంబం. 2024లో రాజ్యాంగం మార్చి, 2025లో అధ్యక్షుడు ఫోర్ న్యాసింగ్బే కొత్త పదవిలోకి మారారు, దానికి కాలపరిమితే లేదు. యూసుఫ్ గారూ, మిమ్మల్ని నొప్పించాలని కాదు, కానీ మీ సొంత దేశం జిబూతీలో 2010లో పదవీకాల పరిమితి తీసేశారు, 2025లో 75 ఏళ్ళ వయసు పరిమితి కూడా తీసేశారు. మీ దేశం గురించి మీరు మాట్లాడడం ఎంత కష్టమో నాకు అర్థమవుతుంది. మా స్కూల్లో హెడ్‌మాస్టర్ కొడుకు కాపీ కొడుతుంటే పట్టుకోవలసిన రోజు నాకూ వచ్చింది. రాత్రంతా నిద్రపట్టలేదు. కానీ మీరు మాట్లాడితే మిగతా 54 దేశాలూ వింటాయి.

వీళ్ళెందుకు దిగరు? దురాశ ఉంటుంది, చుట్టూ చేరి తినేవాళ్ళ ఒత్తిడి ఉంటుంది. ఇంకొకటి కూడా ఉందని నాకనిపిస్తుంది. భయం. దిగాక ఏం చేస్తారో అన్న భయం. అది ఉట్టి భయం కాదు, జాంబియానే సాక్ష్యం. అంత మర్యాదగా దిగిన కౌండాను చిలూబా ఏం చేశారు? 1996లో రాజ్యాంగం సవరించి, తల్లీ తండ్రీ ఇద్దరూ జాంబియన్లయితేనే పోటీ చేయాలన్నారు. కౌండా తల్లిదండ్రులు ఇప్పటి మలావీ నుంచి వచ్చినవాళ్ళు. 1997లో క్రిస్మస్ రోజున ఆయన్ను అరెస్టు చేశారు. 1999లో ఒక కోర్టు ఆయనకు అసలు పౌరసత్వమే లేదంది. దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిన మనిషికి! ఆ వార్త చదివి మావారు పేపరు మడిచి పక్కన పెట్టేశారు, ఆ పూట అన్నం తినలేదు.

ఆ జైలుకు ఒక పెద్దాయన వెళ్ళారు. టాంజానియా మాజీ అధ్యక్షుడు జూలియస్ నైరేరే. జైల్లో నిరాహారదీక్ష చేస్తున్న స్నేహితుణ్ణి కూర్చోబెట్టి మాట్లాడి దీక్ష విరమింపజేశారు. నైరేరేకి ఆ అర్హత ఎక్కణ్ణుంచి వచ్చింది? 1967 అరూషా ప్రకటనలో, నాయకుడన్నవాడికి కంపెనీల్లో షేర్లు ఉండకూడదు, రెండు జీతాలు తీసుకోకూడదు, అద్దెకిచ్చే ఇళ్ళు ఉండకూడదు అని రాయించారు. 1985లో తనంతట తాను దిగిపోయి సొంత ఊరు బుటియామాకు వెళ్ళి పొలం చూసుకున్నారు. ఆయన కూడా తప్పులు చేశారు, లక్షలాది రైతులను బలవంతంగా కొత్త పల్లెలకు తరలించడం చిన్న తప్పు కాదు. అయినా దిగినవాడికి ఉండే ధైర్యం ఒకటుంటుంది. ఏ జైలు గుమ్మం ముందైనా నిలబడగలడు.

2017లో జాంబియాలో అప్పటి ప్రతిపక్ష నేత హకైండే హిచిలేమాను దేశద్రోహం కేసులో నాలుగు నెలలు జైల్లో ఉంచారు. 2021లో అదే హిచిలేమా గెలిచారు, అధ్యక్షుడు ఎడ్గర్ లుంగు ఓటమి ఒప్పుకుని దిగారు. మళ్ళీ 1991లాగే అనుకున్నాను. 2025 జూన్‌లో లుంగు చనిపోయారు. ఆయన్ను ఎక్కడ, ఎలా సమాధి చేయాలన్న దానిమీద కుటుంబం, ప్రభుత్వం దక్షిణాఫ్రికా కోర్టుకెక్కాయి. తన అంత్యక్రియలకు హిచిలేమా రాకూడదని లుంగు కోరుకున్నారని కుటుంబం చెప్పింది. ఎవరిది తప్పో తేల్చేదాన్ని నేను కాను. చనిపోయిన మనిషి ముందు కూడా ఇద్దరు నాయకుల మధ్య పగ తగ్గలేదంటే, కుర్చీలో ఉన్న మరో అధ్యక్షుడు ఇది చూసి ఏం నేర్చుకుంటాడు? దిగకూడదనే నేర్చుకుంటాడు.

కాబట్టి నేను కోరేది ఒకవైపే కాదు. పదవీకాల పరిమితిని చెరిపేసిన రోజే, వీధుల్లో శవాలు లేవక ముందే, 23వ అధికరణంలోని ఐదో క్లాజ్ కింద మీ శాంతి భద్రతా మండలి విచారణ మొదలుపెట్టాలి. సైనికుడికి ఏ శిక్షో అధ్యక్షుడికీ అదే శిక్ష. దాంతోపాటు, మర్యాదగా దిగినవాళ్ళకు మర్యాదగా బతికే హామీ కూడా మీరే ఇవ్వాలి. దోచుకుంటే కోర్టుకు వెళ్ళాల్సిందే, దానికి మినహాయింపు అడగను. కానీ పౌరసత్వం లాగేయడం, పెన్షన్ ఆపడం, పాత పగతో కేసులు పెట్టడం జరిగితే ఆ దేశాన్ని మీరు నిలదీయాలి. మో ఇబ్రహీం అనే సూడాన్ పారిశ్రామికవేత్త, బాగా పాలించి గడువు ప్రకారం దిగిన అధినేతల కోసం ఒక బహుమతి పెట్టారు. పదేళ్ళలో 50 లక్షల డాలర్లు, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఏడాదికి 2 లక్షలు అని పెట్టిన కొత్తలో ప్రకటించారు. చాలా ఏళ్ళు దాన్ని తీసుకునే అర్హత ఉన్నవాళ్ళు దొరక్క ఎవరికీ ఇవ్వలేదు. డబ్బుతో ఇది తేలే పని కాదని దాన్ని చూస్తే తెలుస్తోంది.

మీ ప్రజలకు ఇది చేతనైందని కూడా మీకు గుర్తుచేయాలి. 2001లో చిలూబా మూడోసారి పోటీకి ప్రయత్నిస్తే చర్చిలు, లాయర్లు, మహిళా సంఘాలు ఏకమయ్యాయి. జనం ఆకుపచ్చ రిబ్బన్లు కట్టుకుని తిరిగారు. సొంత పార్టీ మంత్రులు కూడా ఒప్పుకోలేదు. మే నెలలో ఆయన వెనక్కి తగ్గారు. మలావీలో 2020 ఫిబ్రవరిలో ఐదుగురు జడ్జీలు, ఫలితాల కాగితాల మీద కరెక్షన్ ఫ్లూయిడ్ పూసిన అధ్యక్ష ఎన్నికనే కొట్టేశారు. వాళ్ళు బుల్లెట్‌ప్రూఫ్ కోట్లు వేసుకుని కోర్టుకు రావలసి వచ్చింది. 2024లో సెనెగల్‌లో ఎన్నిక వాయిదా వేస్తే రాజ్యాంగ మండలి చెల్లదంది, మార్చిలో జనం ఓటేశారు. అదే ఏడాది బోట్స్వానాలో 1966 నుంచి ఏలిన పార్టీ ఓడింది, అధ్యక్షుడు మసీసీ పోలింగ్ అయిన రెండు రోజులకే ఓటమి ఒప్పుకున్నారు. వీళ్ళెవరూ మిమ్మల్ని సాయం అడగలేదు. అడిగి ఉంటే చేసేవారా అన్నది మీరే ఆలోచించుకోవాలి.

మా దేశం గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఇంట్లో ఈగల మోత బయట పల్లకీ మోత అవుతుంది. 1975లో మాకూ ఎమర్జెన్సీ వచ్చింది, నేను డిగ్రీ చదువుతున్నాను. 1977లో ఇందిరాగాంధీ ఓడిపోయి దిగారు. దిగకపోయి ఉంటే ఈ దేశం ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే మిమ్మల్ని పైనుంచి చూస్తూ ఈ ఉత్తరం రాయడం లేదు.

నా దగ్గర లెక్కలు చదువుకున్న ఒక అబ్బాయి, ఇప్పుడు యాభై దాటాయి, జాంబియాలో పోలింగ్ జరిగినప్పుడల్లా ఫోన్ చేస్తాడు. 2021 ఆగస్టులో లైన్లో నిలబడే చేశాడు. "మేడం, తెల్లవారుజామున నాలుగింటికి వచ్చాను, నా ముందు రెండు వందల మంది ఉన్నారు" అన్నాడు. కాళ్ళు నొప్పి పెట్టడం లేదా అంటే, పిండి కోసం నిలబడ్డ రోజులకంటే ఇది నయం అన్నాడు. అతనికి నేనేమీ చెప్పలేకపోయాను.

ప్రతి ఫిబ్రవరిలో మీ శిఖరాగ్ర సమావేశం ఉంటుంది. రాబోయే సమావేశం ఎజెండాలో ఆ ఐదో క్లాజ్ అమలు మీద ఒక పూట చర్చ పెట్టండి. ఎవరెవరు అందుకు ఒప్పుకోలేదో పేర్లు బయటపెట్టండి. జవాబు ఇంగ్లీషులో రాసినా, స్వాహిలీలో రాసినా ఎవరిచేతనైనా చదివించుకుంటాను.

ఇట్లు,
కాపర్‌బెల్ట్‌లో పనిచేసిన ఒక రిటైర్డ్ లెక్కల టీచర్,
కాకినాడ